ఏ కాపీ వస్తోంది? మ్యూజియంలో ప్రయోగాత్మక చిత్రాలు వేయడం: నా అనుభవం

ప్రయోగాత్మక చిత్రాల ప్రోగ్రాం అనగానే అందరూ ఎంపిక గురించే అడుగుతారు. ఏ చిత్రాలు, ఇవే ఎందుకు, ఏ వరసలో అని. నిజానికి ఎంపికకు పట్టే సమయం తక్కువ. ఏళ్ల తరబడి చూస్తూ నోట్సు రాసుకుంటూ ఉంటే ఒక ప్రోగ్రాం వారంలో కాగితం మీదికి వస్తుంది. ఆ మర్నాటి నుంచి ప్రదర్శన రోజు దాకా నేను వెంటపడేది ఒకే ప్రశ్న: ఏ కాపీ వస్తోంది?

ఒకే చిత్రం 16 ఎం.ఎం. (16 మిల్లీమీటర్ల వెడల్పు) ఫిల్మ్ ప్రింటుగా ఉంటుంది, ఎప్పుడో టేపుకి ఎక్కించిన వీడియోగా ఉంటుంది, ఈమధ్య నెగెటివ్ నుంచి స్కాన్ చేసిన 2కె ఫైలుగా ఉంటుంది, చూసి నిర్ణయించుకోమని పంపిన చిన్న ప్రివ్యూ లింకుగానూ ఉంటుంది. నాలుగింటికీ పేరు ఒకటే, నిడివి ఇంచుమించు ఒకటే. తెర మీద పడితే మాత్రం ఒకదానికొకటి పోలికే ఉండదు. ఫిల్మ్ మీద గీకి, రంగు పూసి, ఫ్రేము ఫ్రేముకీ బొమ్మ మార్చే చిత్రాల్లో ఈ తేడా మరీ ఎక్కువ. ప్రివ్యూ ఫైలు కుదింపులో ఆ ఫ్రేములన్నీ కలిసిపోయి బురదలా కనిపిస్తాయి. అందుకే నా షీటులో చిత్రం పేరు పక్కన ఎనిమిది గళ్లు ఉంటాయి: ఫార్మాట్, సెకనుకు ఎన్ని ఫ్రేములు, మూకీయా కాదా, శబ్దం ఉంటే ఆప్టికలా (ఫిల్మ్ అంచున కాంతితో చదివే గీత) మాగ్నెటికా (అయస్కాంత పట్టీ) విడి ఫైలా, వెడల్పు ఎత్తుల నిష్పత్తి, రీళ్లు ఎన్ని, కాపీ ఎవరి దగ్గరుంది, దాని స్థితి ఏమిటి. ఎనిమిదీ నిండేదాకా ఆ పేరు బ్రోషర్‌లోకి వెళ్లదు. ఒక్క గడి ఖాళీగా వదిలేసి అచ్చుకి పంపినప్పుడల్లా తర్వాత ఏదో ఒకటి దిద్దుకోవాల్సి వచ్చింది.

కాపీలు అద్దెకిచ్చే డిస్ట్రిబ్యూటర్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఫిల్మ్ కోసమైతే న్యూయార్క్‌లో 1961లో మొదలైన ఫిల్మ్ మేకర్స్ కోఆపరేటివ్, శాన్‌ఫ్రాన్సిస్కోలో కాన్యన్ సినిమా, లండన్‌లో లక్స్, పారిస్‌లో లైట్ కోన్, వియన్నాలో సిక్స్‌ప్యాక్ ఫిల్మ్. వీడియో కోసం న్యూయార్క్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఇంటర్‌మిక్స్, షికాగోలో వీడియో డేటా బ్యాంక్. వీటిలో కొన్ని చిత్రాలు తీసేవాళ్లే కలిసి పెట్టుకున్నవి. అద్దె ఒక్కో చిత్రానికి, ఒక్కో ప్రదర్శనకి ఇంత అని ఉంటుంది. తీసిన మనిషికి అందులో వాటా చేరుతుంది. కాబట్టి అద్దె తగ్గించమని బేరమాడను. డబ్బు చాలకపోతే ప్రోగ్రాంలో ఒక చిత్రం తగ్గిస్తాను.

ఇక్కడే కొత్తవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. హాల్లో ఒక సాయంత్రం వేయడానికి ఇచ్చిన అనుమతి, అదే చిత్రాన్ని గ్యాలరీ గోడ మీద మూడు నెలలు తిప్పడానికి పనికిరాదు. రెండూ వేర్వేరు లైసెన్సులు, వేర్వేరు ధరలు. పైగా అదే చిత్రం ఆర్టు గ్యాలరీ ద్వారా అయిదారు ప్రతుల ఎడిషన్‌గా అమ్ముడైతే, గోడ మీద చూపే హక్కు ఆ గ్యాలరీ చేతిలో ఉండవచ్చు. మొదటి ఉత్తరంలోనే తేదీ, వేళ, సీట్ల సంఖ్య, టికెట్ ఉందా లేదా, హాలా గ్యాలరీయా అన్నీ రాసేయాలి. అడిగాక ఒక్కొక్కటే చెబుతూ పోతే రెండు వారాలు ఉత్తరాలకే పోతాయి.

నేను నాలుగు నెలల ముందు మొదలుపెడతాను. ప్రింటు పరాయి దేశం నుంచి రావాలంటే రెండు నెలల ముందే బుకింగ్ ఖాయం కావాలి. కస్టమ్స్ కాగితాల్లో అది తిరిగి వెళ్లే వస్తువని, తాత్కాలికంగా వచ్చిందని స్పష్టంగా ఉండాలి, లేదంటే డబ్బా గోదాములోనే కూర్చుంటుంది. ప్రదర్శనకు కనీసం అయిదు పనిదినాల ముందు చేతికి రావాలని ఒప్పందంలో రాయిస్తాను. చల్లటి గదిలో భద్రపరిచిన ప్రింటు వస్తే ఆ రోజు డబ్బా తెరవం. మూత తీయకుండా ఇరవై నాలుగు గంటలు గది వేడికి వదిలేస్తాం. తొందరపడి తెరిస్తే గాలిలో తేమ చల్లటి ఫిల్మ్ మీద చెమటలా పేరుకుంటుంది.

మర్నాడు మూత తీస్తాం. కన్నుకంటే ముందు ముక్కుకి పని. పుల్లటి వెనిగర్ వాసన కొడితే ఫిల్మ్‌కి ఆధారమైన అసిటేట్ ప్లాస్టిక్ (బేస్) కుళ్లడం మొదలైందన్నమాట. ఆ వాసన అసిటిక్ ఆమ్లానిది. దాన్ని మిగతా ప్రింట్ల పక్కన పెట్టకూడదు. అనుమానంగా ఉంటే డబ్బాలో ఏ-డి స్ట్రిప్ అనే నీలం కాగితపు ముక్క వేసి ఒక రోజు మూసి ఉంచుతాం. నీలంగానే ఉంటే ఫర్వాలేదు, ఆకుపచ్చకి తిరిగితే జాగ్రత్త, పసుపైతే డిస్ట్రిబ్యూటర్‌కి ఫోను చేయాల్సిందే.

తర్వాత రీలు రివైండ్ బెంచి మీదకి ఎక్కుతుంది. కుడి చేయి హ్యాండిల్ తిప్పుతుంటే, ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు ఫిల్మ్ అంచులను తేలిగ్గా పట్టుకుంటాయి. చేతికి పల్చటి నూలు గ్లవుజు ఉంటుంది. బొమ్మ ఉన్న భాగాన్ని ముట్టుకోం. వేగంగా తిప్పితే వేలికి ఏమీ తెలియదు. నిమిషానికి నలభై యాభై అడుగులు దాటకుండా తిప్పితే ప్రతి చీలిక, ప్రతి అతుకు, ఫిల్మ్ అంచు వెంట ప్రొజెక్టర్ పట్టుకుని లాగే రంధ్రాల్లో చిరిగిన ప్రతి ఒక్కటీ గ్లవుజు నూలుకి పట్టుకుంటుంది. పట్టుకున్న చోట ఆపి, లైటు పెట్టె మీద భూతద్దంతో చూసి, తల, అంటే రీలు మొదలు నుంచి ఎన్నో అడుగో రాసుకుంటాం. ఒక రంధ్రం చిరిగితే బొమ్మ ఒక్క కుదుపుతో దాటుతుంది. పక్కపక్కన మూడు చిరిగితే ఫిల్మ్‌ని కిందికి లాగే ప్రొజెక్టర్ గోరు పట్టు తప్పుతుంది, బొమ్మ తెర మీద ఉరుకుతుంది. పాత టేపు అతుకులు జారి, మధ్యలో వెంట్రుకవాసి సందు తెరుచుకుని ఉంటాయి, టేపు జిగురు పక్క చుట్టుకి అంటుకుని ఉంటుంది. అతుకు తిరిగి వేయాలంటే ముందు డిస్ట్రిబ్యూటర్‌ని అడగాలి. ఫిల్మ్ వాళ్లది.

కుంచించుకుపోయిందేమో కొలవడం తేలిక. 16 ఎం.ఎం. ప్రింటులో ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 7.62 మిల్లీమీటర్లు, అంటే నూరు ఫ్రేములు 762 మిల్లీమీటర్లు ఉండాలి. స్కేలు పక్కన సాపుగా పరిచి చూస్తాం. 754 దగ్గరికి వచ్చిందంటే ఒక శాతం కుంచించుకుందని లెక్క. అలాంటి ప్రింటును నేను ప్రొజెక్టర్‌లో వేయను. పళ్ల చక్రం మీద రంధ్రాలు సరిగ్గా కూర్చోక వరసగా చిరుగుతాయి. అప్పుడు ఇంకో ప్రింటో ఫైలో అడుగుతాం. ఇదంతా ప్రదర్శన రోజు మధ్యాహ్నం తెలిస్తే చేయగలిగిందేమీ లేదు. అయిదు రోజుల నిబంధన అందుకే.

వరస గురించి కొంచెం. మొత్తం 70, 75 నిమిషాలు దాటనివ్వను. మూకీ, మిణుకు, కథలేని కదలిక చూడటానికి కావాల్సిన శ్రద్ధ మామూలు సినిమాకి కావాల్సినదానికంటే ఎక్కువ. ఆ తర్వాత వేసేవి కళ్ల ముందు ఉంటాయే గాని లోపలికి వెళ్లవు. 16 ఎం.ఎం. సెకనుకు 24 ఫ్రేముల వేగంతో నిమిషానికి 36 అడుగులు నడుస్తుంది. 400 అడుగుల రీలు 11 నిమిషాలు, 1200 అడుగులది 33 నిమిషాలు. ప్రింట్లను విడివిడి రీళ్ల మీదే వేస్తాం. నాలుగు చిత్రాలను ఒకే పెద్ద రీలుకి అతికించేస్తే మధ్యలో ఆగే పని ఉండదు గానీ, చాలా ఒప్పందాలు దానికి ఒప్పుకోవు. ఒప్పుకున్నా తల, తోక లీడర్లు, అంటే మొదట్లో చివర్లో ఉండే బొమ్మలేని ఫిల్మ్ ముక్కలు, కోయాల్సి వస్తుంది, కోసిన ప్రతిసారీ ఒకటి రెండు ఫ్రేములు పోతాయి. రెండు ప్రొజెక్టర్లు ఉంటే ఒకటి నడుస్తుండగా ఇంకోటి ఎక్కించుకోవచ్చు. ఒకటే ఉంటే రీలు మార్పుకి రెండు మూడు నిమిషాలు వేసుకుని, ఆ సంగతి ప్రేక్షకులకు ముందే చెబుతాం.

వెలుతురు మండే చిత్రం తర్వాత చీకటి చిత్రం వేయకూడదు. కళ్లు చీకటికి అలవాటు పడేలోపు మొదటి రెండు నిమిషాలు వృథా అవుతాయి. చీకటి చిత్రాలు ముందు, మెరుపులవి చివర. మూకీ చిత్రం హోరున మోగే దాని వెనక వస్తే చెవుల్లో ఇంకా ఆ హోరే ఉంటుంది. అందుకని మధ్యలో పది పదిహేను సెకన్లు ఖాళీ నలుపు వదులుతాను. మూకీ అని ముందే చెప్పకపోతే ఎవరో ఒకరు లేచి సౌండ్ రావట్లేదని ఆపరేటర్‌కి చెప్పడానికి వెళతారు. హాలంతా అటే చూస్తుంది.

మూకీల్లో అసలు చిక్కు వేగం. చాలా ప్రొజెక్టర్లలో 24, 18 అని రెండు వేగాలే ఉంటాయి. మూకీ కాబట్టి 18 అనుకోవడం పొరపాటు, 24లోనే చూపమన్న మూకీలు ఎన్నో. దీనికి ఎదురు ఉదాహరణ అమెరికన్ కళాకారుడు ఆండీ వార్హోల్ 1964లో తీసిన 'ఎంపైర్': 24లో చిత్రీకరించి 16లో చూపించమన్నాడు, అలా 8 గంటల 5 నిమిషాలవుతుంది. 24లో వేస్తే అయిదున్నర గంటలైనా పట్టదు. ఎవరి మాట ప్రకారం ఏ వేగమో కాగితం మీద ఉండాలి, ఆపరేటర్ ఊహకి వదలకూడదు.

ఇక గది. తెర ఎంత పెద్దదైతే అంత గొప్ప అనే భావన మ్యూజియంలలో బలంగా ఉంది. నేను ప్రతిసారీ దానితో వాదిస్తాను. 16 ఎం.ఎం. ప్రొజెక్టర్ గేటులో, అంటే దీపం ముందు ఫ్రేము ఆగే కిటికీలో, బొమ్మ వెడల్పు 9.65 మిల్లీమీటర్లు. దూరం కావాలంటే లెన్సు ఫోకల్ లెంగ్త్‌ని తెర వెడల్పుతో గుణించి దీనితో భాగించాలి. 50 మిల్లీమీటర్ల లెన్సుతో 2 మీటర్ల వెడల్పు బొమ్మకి 10.4 మీటర్లు, 25 మిల్లీమీటర్ల లెన్సయితే 5.2 మీటర్లు. వెలుగు లెక్క కూడా ఇంతే సూటి: సినిమా హాల్లో ఫిల్మ్‌కి ప్రమాణం తెర మీద 16 ఫుట్ లాంబర్టులు (తెర కాంతిని కొలిచే ప్రమాణం). 2 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు ఎత్తు తెర అంటే సుమారు 32 చదరపు అడుగులు, అంటే 500 ల్యూమెన్లకు పైగా కావాలి. మామూలు 250 వాట్ల హాలోజన్ ప్రొజెక్టర్ ఇచ్చేది కొన్ని వందల ల్యూమెన్లే. వెడల్పు రెట్టింపు చేస్తే అదే వెలుగు నాలుగు రెట్ల చోటుకి పరుచుకుంటుంది. తెలుపు బూడిదగా, నలుపు కూడా బూడిదగా మారుతుంది. పెద్ద బొమ్మే కావాలంటే జినాన్ దీపం ఉన్న ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చుకోవాలి, లేదా 2 మీటర్లతో తృప్తి పడాలి. చిన్నగా, కాంతిగా ఉన్న బొమ్మ ముందు జనం ముందుకి వంగి కూర్చుంటారు. నాకు అదే ఇష్టం.

మ్యూజియం గోడలు తెల్లగా ఉంటాయి, బాధంతా అక్కడే. తెర మీది వెలుగు గోడలకి తగిలి తిరిగి తెర మీదికే వచ్చి నలుపుని కడిగేస్తుంది. 1970లో న్యూయార్క్‌లో ఆంథాలజీ ఫిల్మ్ ఆర్కైవ్స్ కోసం పీటర్ కుబెల్కా రూపొందించిన 'ఇన్విజిబుల్ సినిమా'లో గోడలు, సీట్లు, పైకప్పు అన్నీ నలుపే, పక్కవాళ్లు కనపడకుండా సీట్ల మధ్య అడ్డాలు కూడా. మనకి అంత సాధ్యం కాదు. తెరకి రెండు పక్కలా మొదటి మూడు మీటర్ల గోడకి నల్లటి మందపాటి గుడ్డ వేలాడదీస్తే సగం సమస్య తీరుతుంది. ద్వారం దగ్గర ఒక పరదా చాలదు, రెండు పరదాలు మీటరున్నర దూరంలో ఒకదాని వెనక ఒకటి కావాలి. ఎవరైనా ఆలస్యంగా వచ్చినా ఒకటి మూసుకున్నాకే రెండోది తెరుచుకుంటుంది. ఎగ్జిట్ బోర్డు దీపాన్ని మాత్రం ఎప్పుడూ కప్పకూడదు. దాని వెలుగు తెర మీద పడుతుంటే భద్రతాధికారిని పిలిచి, తెర వైపు చిన్న అంచు కట్టవచ్చా అని అడిగి, ఆయన రాసిచ్చాకే కడతాం.

ప్రొజెక్టర్ ఎక్కించేటప్పుడు చూడాల్సింది లూపులు. గేటుకి పైన ఒకటి, కింద ఒకటి వదులుగా ఉండే వంపులు. పళ్ల చక్రం ఫిల్మ్‌ని ఆగకుండా లాగుతుంది, గేటులో మాత్రం ఫ్రేము ఫ్రేముకీ ఆగాలి. ఆ రెండింటి తేడా భరించేది ఈ వంపే. కింది లూపు పోయిందంటే బొమ్మ నిలువునా వణుకుతుంది, గరగరమంటుంది. ఆ చప్పుడు విన్న క్షణంలో ఆపకపోతే రంధ్రాలు వరసగా చిరుగుతాయి. ఇంకో సంగతి: 16 ఎం.ఎం.లో ఆప్టికల్ శబ్దం బొమ్మకంటే 26 ఫ్రేములు ముందుంటుంది. కింది లూపు చిన్నదో పెద్దదో అయితే పెదవులకీ మాటకీ పొంతన తప్పుతుంది. ప్రతి రీలుకీ ముందు గేటుని మెత్తటి బ్రష్‌తో, దూది పుల్లతో తుడుస్తాం. లోహపు వస్తువేదీ గేటులోకి పోకూడదు. గేటు అంచున చిక్కుకున్న ఒక వెంట్రుక రెండు మీటర్ల తెర మీద తాడంత కనిపిస్తుంది.

ఇంకో చిన్న విషయం ఎక్కడా రాసి ఉండదు. ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పూత, అన్ని ప్రింట్లకీ ఒకే దిక్కున ఉండదు. కొన్నిటికి తెర వైపు, కొన్నిటికి దీపం వైపు. ఫిల్మ్ మందం అంత తేడాకే బొమ్మ మసకబారుతుంది. అందుకని ప్రతి చిత్రం మొదలవగానే ఆపరేటర్ చేయి లెన్సు మీదే ఉండాలి. ఫోకస్‌ని ముఖాల మీద కాకుండా గ్రెయిన్ (బొమ్మలోని సన్నటి రేణువులు) మీద పట్టమని చెబుతాను. గ్రెయిన్ ఇసుకలా విడివిడిగా కనిపించిందంటే ఫోకస్ కుదిరినట్టే.

శబ్దం ఆప్టికల్ మోనో అయితే మధ్య స్పీకర్ ఒక్కదాన్నే వాడాలి. ఎడమ, కుడి రెండింటికీ పంపితే మనిషి కూర్చున్న చోటును బట్టి గొంతు పక్కకి జరుగుతుంది. ప్రొజెక్టర్ హాల్లోనే ఉంటే దాని టకటక చప్పుడు కూడా ప్రదర్శనలో భాగమే. మూకీలకి కొందరు చిత్రాలు తీసేవాళ్లు అది కావాలంటారు, కొందరు వద్దంటారు. వద్దన్నప్పుడు గాజు కిటికీ ఉన్న క్యాబిన్ తప్పనిసరి.

తెర వేగంగా మెరిసి ఆరిపోయే మిణుకు చిత్రాలకి హెచ్చరిక విషయంలో రాజీ లేదు. సెకనుకు 3 నుంచి 30 మెరుపుల మధ్య మూర్ఛ వచ్చే స్వభావం ఉన్నవాళ్లకి ప్రమాదం. ఒక ఫ్రేము నలుపు, ఒక ఫ్రేము తెలుపుగా 24లో నడిస్తే సెకనుకి 12 మెరుపులు, సరిగ్గా ప్రమాద పరిధి నడుమ. టోనీ కాన్రాడ్ 1966లో తీసిన 'ది ఫ్లికర్' మొదట్లోనే హెచ్చరిక పలక ఉంటుంది. తెర మీద ఉంది కదా అని ఊరుకోకూడదు. అప్పటికే మనిషి చీకట్లో, వరస మధ్యలో కూర్చుని ఉంటాడు. బ్రోషర్‌లో, టికెట్ దగ్గర, తలుపు మీద, నోటి మాటగా నాలుగు చోట్ల చెబుతాం. ఆ చిత్రాన్ని విరామం తర్వాత చివర్లో వేస్తే వద్దనుకున్నవాళ్లు హాయిగా వెళ్లిపోవచ్చు.

పొగ కావాల్సిన చిత్రాలు ఇంకో రకం. ఆంథొనీ మెకాల్ 1973 నాటి 'లైన్ డిస్క్రైబింగ్ ఎ కోన్'లో 30 నిమిషాల్లో ఒక చుక్క వృత్తమవుతుంది. చూడాల్సింది గోడ మీది వృత్తాన్ని కాదు, గాలిలో ఏర్పడే కాంతి శంకువుని. గాలిలో పల్చటి మంచు లేకపోతే శంకువే లేదు. ఆ పల్చటి మంచుని ఊదే హేజ్ యంత్రం పెడితే పొగ పసిగట్టే పరికరాలు మోగుతాయి. ఆ గది జోన్ వరకే వాటిని ఆపాలి, ఆపినంతసేపూ ఒక మనిషి కాపలా ఉండాలి, తిరిగి పెట్టిన వేళ సంతకంతో రాయాలి. గాలి యంత్రం జోరు మీదుంటే హేజ్ అంతా అయిదు నిమిషాల్లో లాగేసుకుంటుంది. అంతకన్నా ముఖ్యం, అది లాగిన గాలి ఎటు పోతోందన్నది. పక్క గ్యాలరీకి పోతే అక్కడి పెయింటింగుల మీద సన్నటి పొర పడుతుందని కన్సర్వేషన్ వాళ్లు (కళాఖండాలను కాపాడేవాళ్లు) అభ్యంతరపెడతారు, వాళ్లది న్యాయమైన అభ్యంతరం. ప్రదర్శనకి రెండు వారాల ముందే వాళ్లని కూర్చోబెట్టి ఒకసారి పరీక్షించి చూడటం మంచిది. మేం చేసిన మొదటి పరీక్షలో హేజ్ తలుపు కింది సందులోంచి వరండాలోకి పాకింది. తర్వాత తలుపు అడుగున రబ్బరు పట్టీ వేసి, యంత్రాన్ని రెండు నిమిషాలకోసారి పది సెకన్లు మాత్రమే ఊదేలా పెడితే సరిపోయింది.

డిజిటల్ కాపీ అంటే చింత లేదనుకుంటారు. చింత రకం మారుతుందంతే. డీసీపీ (సినిమా హాళ్ల కోసం తయారుచేసే డిజిటల్ ఫైళ్ల కట్ట) వస్తే హాలు సర్వర్‌లోకి ఎక్కించడానికి ముందురోజే మొదలుపెట్టాలి. గరిష్ఠ రేటులో నిమిషానికి దాదాపు 1.9 జీబీ ఉంటుంది. తాళం వేసిన డీసీపీ అయితే కేడీఎం అనే తాళంచెవి ఫైలు కావాలి. అది మన సర్వర్ సర్టిఫికెట్‌కే, ఇచ్చిన గంటల వరకే పనిచేస్తుంది. దానిలో వేళ మన గడియారం ప్రకారమా కాదా చూసుకోవాలి. అర్ధరాత్రికి ముగుస్తుందనుకున్నది సాయంత్రమే ముగిసిన సందర్భాలున్నాయి. తాళం లేని కాపీ ఇస్తామంటే నేను అదే తీసుకుంటాను.

వేగం ఇక్కడా వేధిస్తుంది. 25 ఫ్రేముల వీడియోని 24 డీసీపీగా మార్చితే నాలుగు శాతం సాగుతుంది, గంట చిత్రం అరవై రెండున్నర నిమిషాలవుతుంది, శబ్దం శ్రుతి దిగుతుంది. ఒకే స్వరాన్ని సాగదీసే డ్రోన్ సంగీతం మీద నడిచే చిత్రంలో అది తెలిసిపోతుంది. పాత వీడియో అయితే సెకనుకి 50 లేదా 59.94 ఫీల్డులు, ఒక్కో ఫీల్డులో ఫ్రేములోని సగం గీతలు. ఎవరో తొందరలో ఒక ఫీల్డు పారేసి పూర్తి ఫ్రేముల (ప్రోగ్రెసివ్) వీడియోగా మార్చేస్తే కదలికలోని ఆ జారుడు నునుపు పోతుంది. కలిపేసి వదిలేస్తే కదిలే వస్తువు అంచున దువ్వెన పళ్లు కనిపిస్తాయి. ప్రతి ఫీల్డుని ఒక ఫ్రేముగా చేసి 50 లేదా 59.94లో ఇవ్వమని అడుగుతాను. నలుపు బూడిదగా కనిపిస్తే ఫైలు తప్పని ముందే అనుకోవద్దు. ప్లేయర్ 16 నుంచి 235 స్థాయిలు పంపుతూ ప్రొజెక్టర్ 0 నుంచి 255 ఆశిస్తుంటే అదే జరుగుతుంది. మెనూలో ఒక్క మార్పుతో సరి. దీనికి తలకిందులుగా ఉంటే చీకటి భాగాలు నల్లగా మూసుకుపోతాయి. ఫైళ్లన్నీ ప్రదర్శించబోయే యంత్రం మీదే, ఆ గదిలోనే, మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడిపి చూస్తాం. మొదటి నిమిషం చూసి వదిలేస్తే పదిహేడో నిమిషంలోని పాడైన ఫ్రేము ప్రేక్షకుల ముందు బయటపడుతుంది.

గ్యాలరీలో నెలల తరబడి తిరిగే చిత్రాలకి లెక్కే వేరు. రెండు కొసలూ అతికించి ఆగకుండా తిప్పే ఫిల్మ్ లూపు మూడు నిమిషాలదైతే 108 అడుగులు. గంటకి ఇరవై సార్లు, రోజుకి ఎనిమిది గంటలు అంటే 160 సార్లు గేటు గుండా పోతుంది. మా అనుభవంలో వారం పది రోజులకి గీతలు పడతాయి. కాబట్టి ప్రదర్శన వారాల సంఖ్యకి తగ్గట్టు అన్ని ప్రింట్లు ముందే తీయించి పెట్టమని ఒప్పందంలో రాస్తాం, వాటి ఖర్చు మాదే. మామూలు 250 వాట్ల హాలోజన్ దీపం రేటింగు 50 గంటలే. ఎక్కువ గంటలు వచ్చే రకాలు ఉన్నాయి గానీ వెలుగు తగ్గుతుంది. ఆరు రోజులకి ఒక దీపం చొప్పున అల్మరాలో పెట్టుకోవాలి.

మూడు తెరల వీడియో అయితే మూడు ప్లేయర్లు తీగ నెట్‌వర్క్ మీద ఒకటి నడిపితే రెండు అనుసరించేలా పెడతాం, వైఫై వద్దే వద్దు. మూడు ఫైళ్లలో ఫ్రేముల సంఖ్య సరిగ్గా ఒకటే ఉండాలి. ఒక్క ఫ్రేము తేడా ఉన్నా అడిగి మళ్లీ తెప్పిస్తాం. సరిచూడటానికి సెకనుకొక తెల్లటి ఫ్రేము మెరిసే పరీక్ష ఫైలు నడిపి, ఫోను కెమెరా స్లో మోషన్‌లో మూడు తెరలూ కలిపి తీస్తే తేడా ఉంటే పట్టుబడుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ప్లేయర్ ముందు లేచి, ప్రొజెక్టర్ ఇంకా లేవకపోతే, ప్లేయర్ తనకి తోచిన రిజల్యూషన్‌లో బొమ్మ పంపుతుంది. అందుకని రిజల్యూషన్‌ని చేత్తో స్థిరం చేసి, ప్లేయర్‌ని ప్రొజెక్టర్ తర్వాత లేచేలా టైమర్ మీద పెడతాం. ప్రారంభానికి ముందు మూడుసార్లు మెయిన్ స్విచ్ ఆపి వేసి చూస్తాం. పొద్దున్నే తలుపు తీసే గార్డు ఒక్క స్విచ్ వేస్తే అంతా నడవాలి.

కంప్యూటర్ మీద నడిచే కళాకృతులకి వాటిని చేసిన కళాకారుడు అందుబాటులో ఉండగానే అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి. గుగ్గెన్‌హైమ్‌లో మొదలైన వేరియబుల్ మీడియా ఆలోచన నాలుగు దారులు చెబుతుంది: ఉన్న యంత్రాన్నే దాచడం, ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) నడపడం, కొత్త రూపంలోకి మార్చడం, కొత్తగా అర్థం చెప్పుకుని తిరిగి చేయడం. ఏది ఒప్పుకుంటారో, ఏది అసలు వద్దో ఆయన మాటల్లోనే రాయించుకుంటాం. ఫ్లాష్ అనే పాత వెబ్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఇంటర్నెట్ కళాకృతులకి 2020 డిసెంబర్ 31తో అడోబీ మద్దతు ఆగిపోయింది. కొన్ని రఫుల్ ఎమ్యులేటర్‌లో లేస్తాయి, కొన్ని వేగం తప్పుతాయి. పాత కోడు యంత్రం వేగాన్నే గడియారంగా వాడుకుంటే కొత్త యంత్రంలో పరుగులు పెడుతుంది. గాజు ట్యూబు ఉండే పాత సీఆర్‌టీ టీవీ కోసం చేసిన వీడియోని పల్చటి ప్యానెల్ మీద చూపవచ్చా అన్నదీ ఆయన నిర్ణయమే. టీవీయే కావాలంటే అదే మోడల్‌వి ఇంకో రెండు విడిభాగాల కోసం సంపాదించుకోవాలి, స్పీకర్‌ని దాని పక్కన ఆనించి పెట్టకూడదు. అయస్కాంతానికి రంగులు పాడవుతాయి.

ప్రదర్శన రోజు ఆపరేటర్ చేతిలో ఒకే కాగితం ఉంటుంది: వరస, ఒక్కోదానికి వేగం, నిష్పత్తి, లెన్సు, వాల్యూమ్ అంకె, లైట్లు ఎప్పుడు ఎంత తగ్గాలి, చివరి ఫ్రేము ఎలా ఉంటుంది. చివరి ఫ్రేము రాయడం తప్పనిసరి. ఈ చిత్రాల్లో ఒకటిన్నర నిమిషం నలుపు కూడా చిత్రమే కావచ్చు, అయిపోయిందనుకుని లైట్లు వేసేస్తే దాన్ని తిరిగి తెచ్చుకోలేం. నేను చివరి వరసలో, ఆపరేటర్‌కి చేయెత్తితే కనిపించే చోట కూర్చుంటాను. తలుపు దగ్గర మనిషికి ఒకటే మాట చెబుతాం: రీళ్ల మధ్యలో తప్ప ఎవరినీ లోపలికి వదలొద్దని.

మర్నాడు పొద్దున ప్రింట్లన్నీ మళ్లీ బెంచి మీదికి. వచ్చినప్పుడు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని, అదే వేగంతో, అదే గ్లవుజుతో చివరిదాకా చూస్తాం. తల పైకి ఉండాలో తోక పైకి ఉండాలో ఒప్పందంలో చూసి అలాగే చుట్టి, లీడర్ కొసకి టేపు అంటించి, డబ్బాలో ఒక చీటీ పెడతాం: తేదీ, ప్రొజెక్టర్ రకం, ఎన్నిసార్లు నడిచింది, ఎక్కడ ఏం కనిపించింది. '212వ అడుగు దగ్గర పాత టేపు అతుకు, కొంచెం జారింది, మేం ముట్టుకోలేదు. 340 దగ్గర ఒక రంధ్రం చిరిగింది, మా దగ్గరే జరిగింది.' రెండో వాక్యం రాయడానికి చేయి వెనకాడుతుంది. అయినా రాయాలి. తర్వాత ఇంకెవరో ఫోను చేసి కాపీ ఎలా ఉందని అడిగినప్పుడు డిస్ట్రిబ్యూటర్ తీసి చదివేది ఆ చీటీనే.